వడకట్టేది 180 లీటర్లు, బయటికి వచ్చేది లీటరున్నర: మిగతాది ఎటు పోతుంది?

మూత్రపిండాలు రోజుకు 180 లీటర్లు వడకడితే ఆ నీరంతా ఎటు పోతుందని, ఒక్క మూత్రపిండంతో మనిషి ఎలా బతుకుతాడని అడిగారు. మా అక్కకు నా ఎడమ మూత్రపిండం ఇచ్చాను. ఆపరేషన్‌కు ముందు వరుసగా పరీక్షలు జరిగిన రోజుల్లో డాక్టర్లను ఇవే అడిగాను. వాళ్లు ఓపిగ్గా బొమ్మలు గీసి చెప్పారు.

180 లీటర్ల నీరు ఒంట్లో ఎప్పుడూ ఉండదు. రక్తంలో కణాలు కాక మిగిలే ద్రవభాగం, అంటే ప్లాస్మా, దాదాపు 3 లీటర్లే. అదే రోజుకు సుమారు అరవై సార్లు వడపోతకు వస్తుంది. గుండె పంపే రక్తంలో ఐదో వంతుకు పైగా ఈ రెండు చిన్న అవయవాలకే వెళ్తుందంటే వాటి పని ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఒక్కో మూత్రపిండంలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు, అంటే రక్తాన్ని వడకట్టే అతి సన్నని నిర్మాణాలు, ఉంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో రక్తకేశనాళికల చుట్ట ఒకటి ఉంటుంది. దాన్ని గ్లోమెరులస్ అంటారు. అందులోకి రక్తం తెచ్చే ధమనిక వెడల్పు, బయటికి తీసుకుపోయేది ఇరుకు. అందువల్ల లోపల ఒత్తిడి నిలిచి, నీరు, లవణాలు, గ్లూకోజ్, యూరియా అన్నీ కలిసి దాని చుట్టూ గిన్నెలా ఉండే బౌమన్ గుళికలోకి వచ్చేస్తాయి. రక్తకణాలు, ఆల్బుమిన్ వంటి పెద్ద ప్రోటీన్లు మాత్రం రక్తంలోనే ఆగిపోతాయి. రంధ్రాలు సన్నగా ఉండటం ఒక కారణం. వడపోత గోడకూ ఆల్బుమిన్‌కూ రుణావేశమే ఉండటంతో ఒకదాన్నొకటి నెట్టేసుకోవడం మరో కారణం.

గమనించారా, ఇంతవరకు పనికొచ్చేదేదో పనికిరానిదేదో విడదీయడం జరగనే లేదు! అందుకే మూత్రపిండాన్ని జల్లెడ అనడం నాకు నచ్చదు. వదిలేసినవాటిని తిరిగి తీసుకోవడంలోనే దాని గొప్పతనమంతా ఉంది. గుళిక తర్వాత వచ్చే మెలికల నాళికలోనే నీటిలో, సోడియంలో దాదాపు మూడింట రెండు వంతులు, గ్లూకోజ్ పూర్తిగా రక్తంలోకి తిరిగి చేరతాయి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే ఆ నాళిక తట్టుకోలేదు, అప్పుడే మూత్రంలో చక్కెర కనిపిస్తుంది. చివర్లో ఎంత నీరు ఉంచుకోవాలో పిట్యూటరీ నుంచి వచ్చే హార్మోన్ నిర్ణయిస్తుంది. దాహంగా ఉన్నప్పుడు మూత్రం చిక్కబడేది అందుకే. కండరాల నుంచి వచ్చే వ్యర్థం క్రియాటినిన్‌ను మాత్రం నాళిక వెనక్కి తీసుకోదు; వడపోత తగ్గితే అది రక్తంలో పెరుగుతుంది. వడపోత ఎలా ఉందో దాన్ని బట్టి అంచనా వేసేది ఈ లక్షణం వల్లనే.

ఇక రెండో ప్రశ్న. ఏ మూత్రపిండం ఎంత పని చేస్తోందో ముందే స్కాన్‌లో చూశారు. రెండూ దాదాపు సమానం. ఎడమదాని సిర పొడవుగా ఉంటుంది, అవతలి మనిషికి అతకడం తేలిక, అందుకని దాన్నే ఎంచుకున్నారు. ఒకటి తీసేశాక కొత్త నెఫ్రాన్లు పుట్టవు. ఉన్నవే పెద్దవై, ఒక్కొక్కటీ ఎక్కువ రక్తాన్ని వడకడుతుంది. దాంతో మొత్తం సామర్థ్యం సగం దగ్గరే ఆగిపోకుండా, మునుపటి దానిలో మూడింట రెండు వంతుల వరకు చేరుతుంది. ఆరోగ్యవంతుడికి అది చాలు. నా క్రియాటినిన్ మునుపటికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, అది సహజమేనని డాక్టర్లు చెప్పారు.

మీ ఇంట్లో ఎవరికైనా మధుమేహమో రక్తపోటో ఉంటే దయచేసి క్రియాటినిన్ ఒక్కటే చూసి ఊరుకోకండి. వడపోత సగానికి పడిపోయేదాకా కూడా అది మామూలుగానే కనిపించవచ్చు. గ్లోమెరులస్ గోడ దెబ్బతింటే ఆల్బుమిన్ ముందే మూత్రంలోకి జారడం మొదలవుతుంది. ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయించండి.