పని అప్పగించడం రావాలంటే ఏ కోర్సు చేయించాలి?

నాయుడుపేట నుంచి ఒక తండ్రి రాశారు: "మా అబ్బాయికి 27 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలుగు నెలల కిందట టీమ్ లీడ్‌ని చేశారు, కింద ఆరుగురు. అప్పట్నుంచి రాత్రి ఒంటిగంట దాకా లాప్‌టాప్ ముందే. 'ఎవరికి చెప్పినా సరిగ్గా చేయరు నాన్నా, మళ్లీ నేనే చేసుకోవాలి' అంటాడు. ప్రాజెక్టులు నడిపేవాళ్లకిచ్చే పీఎంపీ సర్టిఫికెట్ చేయిస్తే మంచిదా, ఎగ్జిక్యూటివ్ ఎంబీఏనా? ఇంజినీరింగ్‌కి కూడా వెబ్ ఆప్షన్లు నేనే పెట్టాను."

కోర్సు సంగతి తర్వాత మాట్లాడదామండీ. అబ్బాయి ఈ ఉద్యోగంలో నిలబడతాడా లేదా అన్నది మీ అసలు దిగులు. నిలబడతాడు. బాగా పనిచేసేవాణ్నే లీడ్‌ని చేస్తారు. నిన్నటిదాకా తన కోడ్ తాను రాసుకుని శభాష్ అనిపించుకున్న మనిషికి, ఇకమీదట ఇంకొకరి చేత రాయించడమే నీ పని అంటే కొన్ని నెలలు చేతులు కట్టేసినట్టే ఉంటుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. వాళ్లలో ఎక్కువమంది కుదురుకున్నారు.

పీఎంపీకి నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లయినా 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ చూపించాలి. మీ అబ్బాయి లీడ్ అయి నాలుగు నెలలే కాబట్టి ఇప్పట్లో ఆ ప్రస్తావనే వద్దు. సాఫ్ట్‌వేర్ పనిని చిన్న విడతలుగా నడిపే పద్ధతి నేర్పే స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ రెండు రోజుల క్లాసు, ఒక చిన్న పరీక్షతో వచ్చేస్తుంది. వీటి మీద నాకున్న అనుమానం దాచుకోను. షెడ్యూలు వేయడం, రిస్కులు రాసుకోవడం నేర్పుతారు, అవి పనికొచ్చేవే. కానీ రాత్రి పదకొండుకు జూనియర్ రాసిన కోడ్ తెరిచి మొత్తం తిరగరాయకుండా ఆగడం ఏ క్లాసులోనూ రాదు. మూడు సర్టిఫికెట్లు ఉండీ అదే పని చేస్తున్నవాళ్లను నేను చూశాను. ఇక ఎంబీఏ. ఐఎస్‌బీ, ఐఐఎం లాంటి బిజినెస్ స్కూళ్లలో ఏడాది పూర్తికాలపు కోర్సంటే ఉద్యోగం మానాలి, ముప్పై లక్షల పైన పెట్టాలి. వేరే రంగానికి మారాలనుకునేవాళ్లకు అది సరే. ఈ టెన్షన్ నుంచి పారిపోవడానికి వెళితే, ఇంకా పెద్ద టీమ్‌తో ఇదే టెన్షన్‌లోకి వస్తాడు.

'ఎవరూ సరిగ్గా చేయరు' అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఆ మధ్య ఒక అమ్మాయి, ఆమె కూడా టీమ్ లీడే, జూనియర్‌కి పంపిన మెసేజ్ చూపించింది. "పేమెంట్ బగ్ చూడు, అర్జెంట్." అంతే ఉంది. అతను సాయంత్రానికి ఇంకేదో సరిచేసి తెచ్చాడు. ఆమె విసుక్కుని తనే కూర్చుంది. మేమిద్దరం ఆ మెసేజ్ మళ్లీ రాశాం: "యూపీఐలో డబ్బు కట్ అయి ఆర్డర్ పడని కేసులు నిన్న వచ్చాయి. ఎందుకో కనిపెట్టడం నీ పని. గురువారం సాయంత్రానికి కారణం తెలియాలి, ఫిక్స్ తర్వాత చూద్దాం. లాగ్‌లు ఎలా వెతుకుతావో నీ ఇష్టం. డేటాబేస్ ముట్టుకోవాలంటే మాత్రం ముందు నాకు చెప్పు. బుధవారం పదకొండింటికి ఒక పది నిమిషాలు కూర్చుందాం."

తర్వాత అలాంటి మెసేజే పంపింది. బుధవారం అతను సగం తప్పుగా వచ్చాడు. లాప్‌టాప్ లాక్కోకుండా "ఆ టైమ్‌లో బ్యాంకు నుంచి ఏం జవాబు వచ్చిందో చూశావా?" అని మాత్రం అడిగింది. పని రెండు రోజులు ఆలస్యమైంది, పైనుంచి ఒక మాట కూడా పడింది. కానీ మరుసటి నెల అలాంటి సమస్యే వస్తే అతను ఆమె దాకా రాకుండానే తేల్చేశాడు.

అయితే ఒకటి. పదిమంది చేయాల్సిన పని ఆరుగురి మీద పడి ఉంటే ఎంత బాగా పంచినా తీరదు. అప్పుడు మేనేజర్ దగ్గర కూర్చుని, ఏది ముందు, ఏది వచ్చే నెలకు అని తేల్చుకోవాలి. అలా అడగడం చేతగానితనం కాదని అబ్బాయికి చెప్పండి.

వాళ్లు తప్పు చేస్తే నా తల మీదకే వస్తుంది కదా అంటాడేమో. వస్తుంది. మీకు దగ్గర్లోని శ్రీహరికోట నుంచే 1979 ఆగస్టు 10న వెళ్లిన ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడింది. ఆ ప్రాజెక్టు కలాం గారి చేతిలో పెట్టిన ఇస్రో అధిపతి సతీశ్ ధావన్ గారు, ఆ రోజు తానే విలేకరుల ముందు కూర్చుని జవాబు చెప్పారు. పని మాత్రం కలాం గారి చేతిలోంచి తీసుకోలేదు. 1980 జూలై 18న అదే రకం రాకెట్‌తో రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరాక, ఈసారి మీరే మాట్లాడండని కలాం గారిని ముందుకు పంపారు.

ఇప్పుడు మీకు కాస్త కటువైన మాట. ఆప్షన్లు మీరే పెట్టారు. ఈ ఉత్తరమూ 27 ఏళ్లవాడి తరఫున మీరే రాశారు. చిన్నప్పట్నుంచి ఒక్క పనైనా అతనికి అప్పగించి, మళ్లీ వేలు పెట్టకుండా ఉన్నారా? కరెంటు బిల్లు కట్టరా అని చెప్పి, వాడు చెప్పులేసుకునేలోపు ఫోన్‌లో తామే కట్టేసే నాన్నల్ని నేను ఎందరినో చూశాను. ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ ఆ ఇంట్లో పెరిగిన పిల్లలు, పని బాగా జరగాలంటే మనమే చేయాలని నేర్చుకుంటారు. మీ అబ్బాయి ఆఫీసులో చేస్తున్నదీ అదే.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంటి పన్నో, పొలం ఉంటే కౌలు లెక్కో పూర్తిగా అతనికి వదిలేయండి. వెయ్యి రూపాయలు తేడా వచ్చినా నోరు మెదపకండి. రాత్రి ఫోన్ చేసినప్పుడు "పని అయిందా" అనకుండా, "ఇవాళ ఎవరికి ఏం అప్పగించావు" అని అడగండి. కోర్సు కావాలో వద్దో అతన్నే నాకు రాయమనండి. మీరు మాత్రం రాయకండి.