పార్కు స్థలంలో కొత్త బ్లాకు కట్టొచ్చా?

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలో మాది మూడు బ్లాకుల గేటెడ్ కమ్యూనిటీ. ఫ్లాట్ కొన్నప్పుడు బ్రోచర్‌లో పిల్లల పార్కు చూపించారు. మొన్న అక్కడి వేపచెట్లు కొట్టేసి సున్నంతో ముగ్గు పోశారు. నాలుగో బ్లాకు కడతారట. అడిగితే బిల్డర్ ‘అగ్రిమెంట్‌లో సంతకం పెట్టింది మీరే కదా’ అంటున్నారు. మేం ఏం చేయగలం?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మంజూరైన ప్లాన్ చూడండి. తెలంగాణ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో మీ ప్రాజెక్టు పేరుతో వెతకండి. ఆ స్థలం ‘టాట్‌లాట్’ (పిల్లల ఆటస్థలం) అనో ‘ఓపెన్ స్పేస్’ అనో ఉంటే మీకు గట్టి ఆధారం దొరికినట్టే. 4,000 చదరపు మీటర్లు, అంతకు మించిన గ్రూప్ హౌసింగ్‌లో 10 శాతం స్థలం పచ్చదనానికి వదలాలని 2012 నాటి జీవో 168 చెబుతోంది. అలా కాకుండా, నాలుగో బ్లాకును మొదటి నుంచీ ప్లాన్‌లో చూపించి ఉంటే మీ వాదన బలహీనపడుతుంది. ఆ సంగతి కేసు వేయకముందే తేల్చుకోవాలి.

పార్కుగానే ఉందనుకుందాం. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14 ప్రకారం లేఅవుట్ గానీ, ఉమ్మడి స్థలాలు గానీ మార్చాలంటే కొనుగోలుదారుల్లో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆ లెక్కలో బిల్డర్‌కు చోటు లేదు. ఒకే కుటుంబం పేర పది ఫ్లాట్లున్నా ఒక్కరి కిందే లెక్క. బిల్డర్ సంతకాలు చూపిస్తే ఈ లెక్కన ఒక్కొక్కటీ సరిచూడండి.

ఇక అగ్రిమెంట్ సంగతి. ‘ప్లాన్‌లో ఎలాంటి మార్పుకైనా అభ్యంతరం లేదు’ అనే వాక్యం చాలా అగ్రిమెంట్లలో ఉంటుంది. దాన్ని చూసి టెన్షన్ పడకండి. ఏం మారుస్తారో చెప్పకుండా తీసుకున్న ఇలాంటి గంపగుత్త సమ్మతి చెల్లదని మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం కింద బాంబే హైకోర్టు చెప్పింది. రెరా ముందు కూడా అదే వాదించవచ్చు. బెంగళూరు లేఅవుట్‌లో పార్కు స్థలాన్ని ఆస్పత్రికి ఇచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1991లో కాలనీవాసుల పక్షాన నిలిచింది.

ఆలస్యం మాత్రం చేయకండి. పిల్లర్లు లేచాక కూల్చమనడం చాలా కష్టం. సెక్షన్ 31 కింద రెరాకు ఫిర్యాదు చేసి, సెక్షన్ 36 కింద పని ఆపే మధ్యంతర ఉత్తర్వు అడగండి. కొట్టేసిన చెట్ల మొదళ్లు, ముగ్గు గీతలు తేదీ పడేలా ఈ రోజే ఫోటోలు తీయండి. అనుమతి లేకుండా చెట్లు కొట్టారనిపిస్తే వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అటవీ అధికారులకు వేరే అర్జీ ఇవ్వండి. అసోసియేషన్ కలిసొస్తే మంచిదే. రాకపోయినా ఫ్లాట్ యజమానిగా మీరొక్కరే ఫిర్యాదు వేయవచ్చు.