పెదవి వాపు, నీటి పొక్కులు: గోధుమల వల్లేనా?

ప్రశ్న: మాది హనుమకొండ. నా వయసు 34 ఏళ్లు. బీపీ, షుగర్ లేవు. వానాకాలం నుంచి ఇప్పటికి మూడుసార్లు పెదవులు వాచాయి. మొదటి రెండుసార్లు కింది పెదవికి కుడి పక్కన ఒకే చోట మంట పుట్టి నీటి పొక్కులు వచ్చాయి. మానిన తర్వాత అక్కడ నల్లమచ్చ మిగిలింది. ఆ రెండుసార్లూ ముందు రోజు బేకరీ పఫ్‌లు, చపాతీలు తిన్నాను. విరేచనాలు కూడా అయితే మందుల షాపులో గోలీలు తెచ్చుకొని వేసుకున్నాను. ఇది గ్లూటెన్ అలర్జీ అని తెలిసినవారు చెప్పడంతో గోధుమలు మానేసి నెల దాటింది. అయినా మొన్న సంక్రాంతికి సకినాలు, నువ్వుల ముద్దలు తిన్న అరగంటకే రెండు పెదవులూ దురదతో ఉబ్బాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి. ఈసారి పొక్కులు రాలేదు. ఏ పరీక్షలు చేయించుకోవాలి? జీవితాంతం గోధుమలు మానేయాలా?

జవాబు: ఏం తిన్నారో, ఏం వేసుకున్నారో, ఎంతసేపటికి వాపు వచ్చిందో మీరు వివరంగా రాయడం వల్ల జవాబు చెప్పడం చాలావరకు సులువైంది. మీకు వచ్చినది ఒకే సమస్య కాదనీ, రెండు వేర్వేరు సమస్యలు పెదవి మీదే కనిపించడం వల్ల ఒకటిగా తోస్తున్నాయనీ నా అభిప్రాయం. ఒకే చోట పొక్కి మచ్చ మిగిల్చినది ఒకటి, పొక్కులు లేకుండా తిన్న అరగంటలో ఉబ్బినది మరొకటి. ఈ రెండింటిలో దేనికీ గోధుమలతో సంబంధం ఉన్నట్టు కనిపించడం లేదు. అయితే పెదవిని స్వయంగా చూడకుండా వ్యాధిని నిర్ధారించకూడదు కాబట్టి, ఇక్కడ రాసినదంతా చర్మవ్యాధి నిపుణుల దగ్గర ఖాయం చేసుకోవాల్సిన అంచనాగానే తీసుకోండి.

ముందు పొక్కుల సంగతి చూద్దాం. ఆ రెండుసార్లూ మీరు పఫ్‌లను, చపాతీలను అనుమానించారు గానీ, విరేచనాలకు వేసుకున్న గోలీలను అనుమానించలేదు. మన దగ్గర విరేచనాలు అనగానే మందుల షాపులో చాలాసార్లు చేతికిచ్చేది ఆఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర. అది కొందరికి పడదు. ఆ పడకపోవడం కొందరిలో ఒళ్లంతా దద్దుర్లుగా కాకుండా, మొదటిసారి ఎక్కడ వచ్చిందో మందు వేసుకున్న ప్రతిసారీ సరిగ్గా అక్కడే తిరిగి వస్తుంది. దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లో పెదవి అంచున మంటో దురదో మొదలై, ఆ భాగం గుండ్రంగా ముదురు ఎరుపు రంగుకు తిరిగి, వాచి, మధ్యలో నీటి పొక్కు లేచి చితుకుతుంది. వారం పది రోజుల్లో పొర ఊడి పుండు మానుతుంది కానీ, ఊదా రంగు కలిసిన నల్లమచ్చ నెలల తరబడి పోదు. మొదటిసారి వచ్చినప్పుడు అక్కడి చర్మంలో ఉండిపోయిన రోగనిరోధక కణాలు, అదే మందు మళ్లీ ఒంట్లోకి రాగానే ఆ చోటి మీద దాడి చేయడం వల్ల ఇలా జరుగుతుంది. మెట్రోనిడజోల్, టినిడజోల్, కోట్రైమాక్సజోల్, కొన్ని రకాల నొప్పి మాత్రలు కూడా ఇదే పని చేయగలవు.

కాబట్టి ఇంట్లో ఆ గోలీల షీటు మిగిలి ఉంటే పారేయకుండా వెంట తీసుకెళ్లండి. లేకపోతే ఆ షాపుకు వెళ్లి ఏ మందు ఇచ్చారో పేరు రాయించుకోండి. ఆ మందే కారణమా అని తేల్చుకోవడానికి ఇంట్లో మరో గోలీ వేసుకొని చూడటం మాత్రం ఎంతమాత్రం వద్దు. వేసుకున్న కొద్దీ మచ్చ పెద్దదవుతుంది, నోటి లోపల, చేతుల మీద, జననాంగాల దగ్గర కొత్త చోట్ల కూడా లేస్తుంది. మందు పేరు తేలిన తర్వాత దాన్ని ఒక కార్డు మీద రాసి పర్సులో పెట్టుకొని, ఆర్ఎంపీ అయినా, పెద్దాసుపత్రి డాక్టర్ అయినా మందుల చీటీ రాసే ముందు చూపించండి. వైద్యంలో ఇంతకంటే చవకైన జాగ్రత్త మరొకటి లేదని నేను నమ్ముతాను.

ఒకే చోట పొక్కులు తిరిగి రావడానికి హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ కూడా సాధారణ కారణమే. ఇంట్లో వేడి చేసిందనో, ఏదో పురుగు పాకిందనో అనుకునే జ్వరం పొక్కులు చాలావరకు ఇవే. వీటిలో పొక్కులు రావడానికి కొన్ని గంటల నుంచి ఒక రోజు ముందు ఆ చోట చిమచిమలాడుతుంది, తర్వాత సన్నని పొక్కులు గుంపుగా లేచి, చితికి, పసుపు రంగు చెక్కు కట్టి మానతాయి. జ్వరం, ఎండ, నిద్రలేమి, మానసిక ఒత్తిడి వీటిని రేపుతాయి. నల్లమచ్చ నెలల తరబడి మిగలడం వీటి లక్షణం కాదు కాబట్టి నేను మందునే ఎక్కువగా అనుమానిస్తున్నాను. అయితే కడుపు పాడై నీరసపడిన రోజుల్లో హెర్పిస్ కూడా రావచ్చు. పొక్కు తాజాగా ఉన్నప్పుడు దానిలోని ద్రవాన్ని పరీక్షిస్తే ఏదన్నది తేలిపోతుంది. అప్పటిదాకా పొక్కులున్న రోజుల్లో చంటిపిల్లలను ముద్దాడకండి, తువ్వాలు వేరుగా పెట్టుకోండి. పొక్కుల మీద సున్నం, టూత్‌పేస్టు వంటివి పూయకండి.

ఇక సంక్రాంతి నాటి వాపు. ఇది మొదటిదానికంటే ఎక్కువ జాగ్రత్త కోరే విషయం. సకినాల్లో ఉండేవి బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు. నువ్వుల ముద్దల్లో ఉండేవి నువ్వులు, బెల్లం. గోధుమ రవ్వంత కూడా లేని ఈ తిండి తిన్న అరగంటలో దురద, దద్దుర్లు, పెదవుల వాపు మూడూ కలిసి వచ్చాయంటే మొదట అనుమానించాల్సింది నువ్వులను, ఆ ముద్దల్లో పల్లీలు కూడా కలిపి ఉంటే వాటిని. ఇన్నేళ్లుగా తింటున్నాను కదా అని మీకు అనిపించవచ్చు కానీ, తిండి అలర్జీ పెద్ద వయసులో కొత్తగా కూడా మొదలవుతుంది. ఆ రోజు తలనొప్పికో నడుము నొప్పికో ఏదైనా మాత్ర వేసుకున్నారేమో కూడా గుర్తు చేసుకోండి, ఎందుకంటే నొప్పి మాత్రలు ఒంటరిగానూ ఇలాంటి వాపు తెస్తాయి, తిండి అలర్జీని తీవ్రంగానూ చేస్తాయి. పరీక్ష అయ్యేదాకా నువ్వులు పూర్తిగా మానండి. మన వంటల్లో ఇది చెప్పినంత తేలిక కాదు: సర్వపిండిలో, పచ్చిపులుసులో కలిపే పొడిలో, బగారా బైంగన్ మసాలాలో, గానుగ నువ్వుల నూనెలో, బన్నుల పైన, అన్నిటా నువ్వులుంటాయి. పెళ్లిళ్లలో తినేటప్పుడు అడిగి తినండి.

ఈసారి పెదవులతో ఆగిన వాపు మరోసారి అక్కడే ఆగుతుందన్న భరోసా లేదు. నాలుక మందమైనా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా, ఆయాసం, వాంతులు, కళ్లు తిరగడం వంటివి కనిపించినా సెట్రిజిన్ అనే అలర్జీ మాత్ర వేసుకొని చూద్దామని ఆగకుండా వెంటనే 108కు ఫోన్ చేసి, వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికి గానీ దగ్గర్లో అత్యవసర విభాగమున్న ఏ ఆసుపత్రికి గానీ చేరుకోవాలి. సెట్రిజిన్ దురదను, దద్దుర్లను తగ్గిస్తుంది, అంతేగానీ మూసుకుపోతున్న శ్వాసమార్గాన్ని తెరవలేదు. ఆ పని చేసేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్ మాత్రమే. తగ్గిన తర్వాత కూడా కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టే అవకాశముంది కాబట్టి డాక్టర్లు ఉండమన్నంతసేపు ఆసుపత్రిలోనే ఉండండి.

గ్లూటెన్ విషయానికి వస్తే, అది గోధుమలు, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే మాంసకృత్తు. దీనికి సంబంధించిన సీలియాక్ వ్యాధి పేగులకు సంబంధించినది. దీర్ఘకాలం విరేచనాలు, బరువు తగ్గడం, ఐరన్ మాత్రలు వాడినా తగ్గని రక్తహీనత, నోట్లో తరచూ పుండ్లు దీని లక్షణాలు. ఈ వ్యాధిలో చర్మం మీద పొక్కులు వచ్చేది మోచేతులు, మోకాళ్లు, పిరుదుల మీద. పెదవి మీద కాదు. గోధుమలే ప్రధాన ఆహారమైన ఉత్తర భారతంలో దాదాపు 100 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా, దక్షిణాదిలో అంతకంటే చాలా అరుదు. గోధుమ అలర్జీ దీనికి వేరు: అది తిన్న నిమిషాల నుంచి రెండు గంటల్లోపు బయటపడుతుంది, కొందరిలో రొట్టెలు తిని వెంటనే పొలం పనికో వ్యాయామానికో వెళ్లినప్పుడు మాత్రమే వస్తుంది. ఇన్నాళ్లూ చపాతీలు తిని మీకు అలా ఎప్పుడూ కాలేదంటే దాని అవకాశం తక్కువ.

సీలియాక్ అనుమానం మీ మనసులో మిగిలి ఉంటే టీటీజీ ఐజీఏ (సీలియాక్‌లో రక్తంలో పెరిగే ప్రతిరోధకాన్ని చూసేది), దానితో పాటు మొత్తం ఐజీఏ రక్తపరీక్షలు చేయించుకోవచ్చు. అయితే గోధుమలు తింటున్నప్పుడే ఈ పరీక్షను నమ్మవచ్చు. మానేసిన వారిలో వ్యాధి ఉన్నా రక్తంలో కనిపించకపోవచ్చు. అందుకే నేను ఈ ఉత్తరాన్ని ముఖ్యమైనదిగా భావించాను: చాలామంది ముందు గోధుమలు మానేసి, తర్వాత పరీక్షకు వచ్చి, ఏమీ తేలక తిరిగి వెళ్తున్నారు. అలర్జీ నిపుణులు మీకు గోధుమ అలర్జీ లేదని తేల్చిన తర్వాత, వారి సలహాతో కనీసం 6 వారాలు రోజూ ఒకటి కంటే ఎక్కువ పూటలు గోధుమలు తిని అప్పుడు రక్తం ఇవ్వండి.

నువ్వులకు, పల్లీలకు స్కిన్ ప్రిక్ పరీక్ష (చర్మం మీద సన్నగా గుచ్చి చూసేది) గానీ, అలర్జీ తెచ్చే ప్రతిరోధకాన్ని చూసే ఐజీఈ రక్తపరీక్ష గానీ సరిపోతుంది. ప్రిక్ పరీక్షకు ముందు వారం రోజులు సెట్రిజిన్ వంటి మందులు ఆపాల్సి ఉంటుంది. వందకు పైగా ఆహార పదార్థాలను ఒకేసారి చూస్తామంటూ చేసే ఐజీజీ (ఇది వేరే రకం ప్రతిరోధకం) పరీక్షలకు మాత్రం డబ్బు పోయకండి. ఒక పదార్థానికి ఐజీజీ ఉందంటే దాన్ని మీరు తింటున్నారని మాత్రమే అర్థం. ఆ జాబితాలు పట్టుకొని పాలు, గుడ్లు, పప్పులు మానేసి చిక్కి శల్యమైనవారిని చూస్తే బాధ కలుగుతుంది.

ఇదే ఇబ్బందితో ఉన్న ఇతర పాఠకులు, ముఖ్యంగా బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి మాత్రలు వాడుతున్నవారు, దురద లేకుండా పెదవులు వాస్తే ఆ విషయం వెంటనే తమ డాక్టర్‌కు చెప్పాలి. ఏళ్ల తరబడి వాడిన తర్వాత కూడా ఆ మందులతో వాపు రావచ్చు. మామిడికాయల కాలంలో పెదవుల చుట్టూ పొక్కితే సొన కారణం కావచ్చు.

మీరు చర్మవ్యాధి నిపుణులను కలిసేటప్పుడు గోలీల షీటుతో పాటు, మచ్చను, వాపును ఫోన్‌లో తీసిన ఫోటోలేవైనా ఉంటే తీసుకెళ్లండి. మళ్లీ పొక్కులు వస్తే మానేదాకా ఆగకుండా మొదటి రెండు రోజుల్లోనే చూపించుకోండి.