ముప్పై ఏళ్ల సిగరెట్టు, మూడుసార్లు ఓడిపోయాను: ఇక మానగలనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కొండపి దగ్గర పల్లెటూరు. వయసు 54. పొగాకు రైతుని, రెండు బ్యారన్లు (పచ్చాకుని వేడిపెట్టి ఆరబెట్టే కొట్టాలు) ఉన్నాయి. ఇరవై నాలుగేళ్లప్పుడు రాత్రిపూట బ్యారన్ కాపలాలో నిద్ర ఆపుకోవడానికని మొదలుపెట్టిన సిగరెట్టు ఇప్పుడు రోజుకి పద్దెనిమిది, వేలానికి వెళ్లిన రోజు పాతిక దాకా పోతుంది. లేవగానే ఒకటి పడాల్సిందే. మూడుసార్లు మానాను. అయ్యప్ప మాల వేసుకున్నప్పుడు 41 రోజులు ముట్టలేదు, మాల తీసిన సాయంత్రమే మళ్లీ మొదలు. పోయినసారి రెండు నెలలు ఆగాక, వేలంలో నాలుగు బేళ్లు ఎవరూ పాడక నో బిడ్ అయిన రోజున టెన్షన్‌లో ఒకటి వెలిగించాను, వారంలో మళ్లీ పెట్టె దాకా వచ్చింది. మా ఆవిడ 'పండించేదే అది, నువ్వెక్కడ మానతావులే' అంటుంది. ఈమధ్య మేడ ఎక్కితే ఆయాసం వస్తోంది. ఈ వయసులో మానినా లాభం ఉందా? ఉంటే ఎట్లా మానాలి?

జవాబు: ముందు మీ ఆవిడ మాటకి. మిరపకాయలు పండించే రైతు రోజూ గుప్పెడు కారం బుక్కడు కదా, పండించడానికీ కాల్చడానికీ సంబంధం లేదని చెప్పండి. ఇంకోటి, పచ్చాకు కోసి కర్రలకు అల్లే రోజుల్లో, ముఖ్యంగా ఆకు మంచుకో వానకో తడిసి ఉన్నప్పుడు, కొత్తగా వచ్చిన కూలీలకి తల తిరిగి వాంతులవడం మీరు చూసే ఉంటారు. చర్మంలోంచి నికోటిన్ ఒంట్లోకి ఎక్కితే జరిగేది అదే. అదే నికోటిన్ పొగతో లోపలికి వెళ్తే పది, పదిహేను సెకన్లలో మెదడు చేరుతుంది, రోజుకి పద్దెనిమిది సిగరెట్లంటే దాదాపు రెండు వందల దమ్ములు, అలా ముప్పై ఏళ్లు. ఇది మీ మొండితనానికి సంబంధించిన విషయమని మీరూ మీ ఆవిడా ఇద్దరూ అనుకుంటున్నారు, నా దృష్టిలో అక్కడే తేడా వస్తోంది.

ఎందుకంటే మొండితనం మీకు తక్కువేం లేదు. ఆ 41 రోజుల సంగతి మీరు ఓటమి లెక్కలో రాశారు, నేను దాన్ని గెలుపు లెక్కలో వేస్తాను. సిగరెట్టు మానినప్పుడు ఒళ్లు పడే బాధ మొదటి రెండు మూడు రోజులు బాగా ముదిరి, మామూలుగా నెల తిరిగేసరికి సర్దుకుంటుంది. అంటే 41వ రోజుకి ఆ బాధ దాటేశారు, మెదడులో పాతుకున్న అలవాటు సంగతి వేరు. మరి మాలలో ఏం కుదిరింది? తెల్లారకముందే చన్నీళ్ల స్నానం, పూజ, అంటే మంచం మీది సిగరెట్టుకి చోటే లేదు. మెడలో మాల చూసి ఎవడూ 'ఒకటి తీసుకో' అనలేదు, చుట్టూ మీలాంటి స్వాములే. ఊరంతా మీకు సాయం పట్టింది. మాల తీసేసరికి ఆ సాయం కూడా అయిపోయింది, 42వ రోజుకి మీ దగ్గర ప్లానే లేదు. ఈసారి మనకి కావాల్సింది ఆ ఏర్పాటే, తీసే తేదీ లేకుండా. టూకీగా చెప్పాలంటే అంతే, ఇక వివరాల్లోకి.

లాభం ఉందా అన్నారు. బ్రిటన్‌లో 1951లో మొదలుపెట్టి అక్కడి డాక్టర్లనే యాభై ఏళ్లపాటు గమనించారు, 2004లో వచ్చిన లెక్క ఇది: అరవైకి మానినవాళ్లకి మూడేళ్ల ఆయుష్షు కలిసొచ్చింది, యాభైకి మానితే ఆరేళ్లు, నలభైకి తొమ్మిది. మీరు యాభైకీ అరవైకీ మధ్య ఉన్నారు. గుండెపోటు ముప్పు ఏడాదికల్లా దాదాపు సగానికి తగ్గుతుంది. ఆయాసం విషయంలో మాత్రం తీపి మాటలు చెప్పను, పాడైన ఊపిరితిత్తి కొత్తది కాదు, కానీ ఇంకా పాడయ్యే వేగం తగ్గుతుంది. ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ దగ్గర్లో ఎవరైనా ఊపిరితిత్తుల డాక్టరు దగ్గర గానీ స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష చేయించుకోండి, గొట్టంలోకి గట్టిగా ఊదడమే. మేడ ఎక్కితే ఆయాసం గుండెవల్ల కూడా రావచ్చు కాబట్టి ఈసీజీ కూడా.

తేదీ పెట్టుకోండి, పది పదిహేను రోజుల్లోపు. వేలం రోజు వద్దు, బ్యారన్ మండే రోజులు వద్దు, అలాగని 'సీజన్ అయిపోయాక చూద్దాం' అనీ వద్దు, రైతుకి సీజన్ ఎప్పుడు అయిపోతుంది? కొంచెం కొంచెంగా తగ్గిస్తానంటారు చాలామంది, చివరికి మిగిలిన ఆ మూడూ నాలుగూ ప్రాణం అయిపోతాయి. ఒక రోజు పెట్టుకుని పూర్తిగా ఆపినవాళ్లే ఎక్కువమంది నిలబడతారు.

ఆ రోజునుంచి మందు సాయం తీసుకోండి, అందులో నామోషీ ఏం లేదు. మందూ మనిషీ ఎవరి సాయం లేకుండా మానినవాళ్లలో ఏడాది నిలిచేది నూటికి ముగ్గురు నుంచి ఐదుగురే. నికోటిన్ గమ్ 2 ఎంజీ మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇస్తారు, కానీ లేచిన అరగంటలోపు సిగరెట్టు పడాల్సిన మీలాంటివాళ్లకి 4 ఎంజీ కావాలి, దానికి డాక్టరు చీటీ రాయించుకోండి. దాన్ని నమలడం ఒక కళ. ఒకాయన రెండో రోజే తిరిగొచ్చి ఎక్కిళ్లు పెడుతూ 'ఇది నాకు పడలేదు సార్' అని స్ట్రిప్ నా బల్ల మీద పెట్టాడు. ఎలా నమిలావయ్యా అంటే, పిల్లల బబుల్‌గమ్‌లా పరపరా నమిలేసి రసం మింగాడు. అట్లా కాదు. నెమ్మదిగా నాలుగైదు సార్లు నమిలి, నాలుక చురుక్కుమనగానే ఆపి, దవడకీ చిగురుకీ మధ్య నొక్కిపెట్టండి. ఆ చురుకు తగ్గాక మళ్లీ రెండు నములు, మళ్లీ నొక్కు, అరగంట అలా. నికోటిన్ నోట్లోంచే రక్తంలోకి వెళ్లాలి, కడుపులోకి వెళ్తే ఎక్కిళ్లే మిగులుతాయి. గమ్‌కి పావుగంట ముందూ, నోట్లో ఉన్నంతసేపూ టీ, కాఫీ, సోడా వద్దు, అవి పడితే మందు ఎక్కదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత తగ్గిస్తూ మూడు నెలలు. ఒంటికి అంటించే ప్యాచ్ కూడా ఉంది, రెండూ కలిపి వాడితే ఇంకా బాగా పనిచేస్తుంది. బ్యూప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు డాక్టరు చూసి రాయాల్సినవి, ఫిట్స్ ఉన్నవాళ్లకి బ్యూప్రోపియాన్ పనికిరాదు.

టీ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. సిగరెట్టు తాగేవాళ్ల ఒంట్లో కెఫీన్ త్వరగా కరిగిపోతుంది, ఆ పొగలోని పదార్థాలు లివర్‌ని అలా తయారుచేస్తాయి. మానగానే అదే టీ, అదే కాఫీ ఒంట్లో రెట్టింపు నిలుస్తుంది. గుండె దడ, చేతులు వణకడం, రాత్రి కన్ను మూతపడకపోవడం, ఇవన్నీ సిగరెట్టు లేకే అనుకుని మళ్లీ వెలిగిస్తారు. మీరు రోజుకి ఆరు టీలు తాగుతుంటే మూడుకి దింపండి.

ఇక బ్యారన్ రాత్రులు. నేనూ హౌస్‌సర్జన్ రోజుల్లో నైట్ డ్యూటీ పేరు చెప్పి మొదలుపెట్టి తొమ్మిదేళ్లు తాగినవాణ్ణే, రాత్రి రెండింటికి కళ్లు మండుతూ ఒంటరిగా కూర్చోవడం ఎట్లా ఉంటుందో తెలుసు. కోరిక వచ్చిందంటే ఐదు నుంచి పది నిమిషాలు, ఆ పది నిమిషాలు దాటించడమే పని. లేచి పొయ్యిలో కట్టె సర్దండి, థర్మామీటర్ చూసి రండి, మొహాన చన్నీళ్లు కొట్టుకోండి, వేయించిన శెనగలు పక్కన పెట్టుకోండి. వక్కపొడి మాత్రం వద్దు, ఖైనీ అసలే వద్దు, సిగరెట్టు మానాలని వక్కలోకి దిగి నోరు తెరుచుకోని స్థితిలో నా దగ్గరికి వచ్చినవాళ్లున్నారు, వక్క ఒక్కటే చాలు నోటి క్యాన్సర్‌కి. కాపలాకి తోడుగా వచ్చేవాడు తాగేవాడైతే ముందే చెప్పండి, 'ఈ సీజన్ నా ముందు వెలిగించొద్దు, నేనడిగినా ఇవ్వొద్దు' అని. ఇదే మీ మాల.

మనిషి సాయానికి ఇంకోటి, మీ జేబులోని పెట్టె మీదే అచ్చు వేసి ఉన్న నంబరు: 1800-11-2356. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, సోమవారం తప్ప రోజూ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. తేదీ ఎలా పెట్టుకోవాలో చెప్పి, తర్వాత వాళ్లే ఫోన్ చేసి కనుక్కుంటారు. పెట్టె పారేసేముందు నంబరు ఫోన్‌లో ఎక్కించుకోండి.

నో బిడ్ రోజు మళ్లీ వస్తుంది, వేలమన్నాక రాకుండా ఉండదు. ఆ రోజు గమ్ జేబులో పెట్టుకునే వెళ్లండి, బేళ్లు చూసుకోగానే అక్కడి టీకొట్టు దగ్గర నిలబడకుండా ఇంటిముఖం పట్టండి. అప్పటికీ ఒకటి వెలిగించారే అనుకోండి, ఆ ఒక్కటితో ఆపి గమ్‌కి తిరిగి రండి. ఒక బేలు నో బిడ్ అయిందని మిగతా బేళ్లన్నీ మీరే తగలబెట్టుకోరు కదా.

ప్రశ్న: మాది కావలి. మావారికి 46, రొయ్యల చెరువుల దగ్గర పని. తొమ్మిది రోజులుగా సిగరెట్టు మానారు. సంతోషపడే లోపే ఇంట్లో చిరాకు, పిల్లల మీద అరుపులు, కూర బాగాలేదని పళ్లెం తోసేయడం. దానికంటే తాగడమే నయమనిపిస్తోంది డాక్టర్ గారూ. షుగర్ మాత్రలు కూడా వాడుతున్నారు.

జవాబు: ఆ మాట ఆయన ముందు మాత్రం అనకండమ్మా. తొమ్మిదో రోజంటే గట్టు దగ్గర్లోనే ఉన్నారు, ఇంకో రెండు మూడు వారాలకి చిరాకు దిగుతుంది. మీరు చేయాల్సినవాటికంటే చేయకూడనివి ఎక్కువ: చొక్కా వాసన చూడొద్దు, జేబులు వెతకొద్దు, 'చూద్దాం ఎన్నాళ్లో' అనొద్దు. అన్నం తినగానే కూర్చోనివ్వకుండా ఏదో పని మీద బయటికి పంపండి, భోజనం తర్వాతి సిగరెట్టే చాలామందికి గట్టిది. కూర సంగతికి నాకు నవ్వొచ్చింది, మానాక నాలుక, ముక్కు తిరిగి పనిలోకి వస్తాయి, ఇన్నేళ్లూ కిమ్మనకుండా తిన్న చేపల పులుసులో ఇప్పుడు ఉప్పు, పులుపు ఆయనకి తెలుస్తున్నాయేమో. మలబద్ధకం, దగ్గు కొంచెం పెరగడం కూడా మామూలే. ఆకలి పెరిగి బరువు నాలుగైదు కిలోలు పెరిగేవాళ్లున్నారు కాబట్టి షుగర్ ఈ రెండు నెలలూ తరచూ చూపించండి, మాత్రల మోతాదు మార్చాల్సి రావచ్చు. చిరాకు కాకుండా ఎవరితో మాట్లాడకపోవడం, ఏడుపు, బతకాలని లేదనడం లాంటివి కనిపిస్తే ఆగకుండా 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలీమానస్ నంబరు, రాత్రీ పగలూ పలుకుతుంది.

ప్రశ్న: వయసు 27, నెల్లూరులో ఉద్యోగం. మానడం కష్టంగా ఉంది, లైట్స్ సిగరెట్లకి మారాను. ఫ్రెండ్ వేప్ (ఈ-సిగరెట్) కొనుక్కోమంటున్నాడు. ఏది మేలు?

జవాబు: రెండూ కాదు. లైట్స్ తాగేవాళ్లు తెలియకుండానే గట్టిగా లాగుతారు, ఎక్కువసేపు పట్టి ఉంచుతారు, ఇంకో రెండు ఎక్కువ తాగుతారు, లెక్క సమానమే. ఈ-సిగరెట్ల అమ్మకం మన దేశంలో 2019లోనే నిషేధించారు, మీ ఫ్రెండ్ చెప్పేది దొంగచాటుగా వచ్చే సరుకు, అందులో ఏం పోశారో అమ్మేవాడికే తెలియదు. నమ్మకం లేకపోతే కొట్టువాణ్ణి బిల్లు అడిగి చూడండి.