నోటి వాసనకి గ్యాస్ మాత్రలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రెండేళ్లుగా నోటి దుర్వాసనతో ఇబ్బంది పడుతున్నాను. రోజూ పొద్దున్నే గట్టిగా బ్రష్ చేస్తాను, మౌత్‌వాష్ వాడతాను, అయినా గంట తిరిగేసరికి మళ్లీ మొదటికే వస్తుంది. బ్రష్ చేసేటప్పుడు కొంచెం రక్తం కూడా కనిపిస్తుంటుంది. కడుపులో తేడా వల్లేనని ఎవరో అంటే గ్యాస్ మాత్రలు వేసుకుంటున్నాను. ఆఫీసులో ఎవరైనా దగ్గరికొచ్చి మాట్లాడితే టెన్షన్. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: కడుపు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీరు మాట వరసకి రాసిన ఆ 'కొంచెం రక్తం' దగ్గరే అసలు విషయం ఉంది, అది సాధారణంగా చిగుళ్ల జబ్బుకి గుర్తు. నోటి వాసన చాలామందికి నోట్లోనే పుడుతుంది. పళ్ల సందుల్లో, చిగుళ్ల కింద, నాలుక వెనక భాగంలో గాలి తగలని చోట చేరిన బ్యాక్టీరియా అక్కడి ప్రోటీన్లను కుళ్లబెట్టి గంధకపు వాయువులు వదులుతుంది, కుళ్లిన గుడ్డు కంపు లాంటిది వచ్చేది అందుకే. మౌత్‌వాష్ అంత లోపలికి వెళ్లదు, పైపైన వాసన కప్పేస్తుంది.

కింది ముందు పళ్ల వెనక నాలుకతో తడిమి చూడండి. గరుకుగా తగిలితే అది గార, అంటే గట్టిపడిపోయిన పాచి. ఎంత గట్టిగా తోమినా ఊడదు సరికదా, ఆ తోముడికి చిగుళ్లు, పళ్లు అరిగిపోతాయి. డెంటిస్ట్ దగ్గర క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయని మన ఇళ్లల్లో ఇంకా భయపెడుతుంటారు, నమ్మకండి. గార పోయాక సందులు బయటపడి కొత్తగా అనిపిస్తుంది, కొన్నాళ్లు చల్లటి నీళ్లకి జివ్వుమంటుంది, అంతే. పళ్లను నిజంగా కదిలించేది, పట్టించుకోకుండా వదిలేసిన చిగుళ్ల జబ్బు.

ఇక ఇంట్లో: మెత్తని బ్రష్‌తో రెండు నిమిషాలు, రాత్రి పడుకునే ముందు కూడా. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది కాబట్టి రాత్రి బ్రషింగే ముఖ్యం, మీరు రాసింది మాత్రం పొద్దున సంగతే. సందుల్లోకి ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే సన్నటి దారం) పోనిచ్చి ఒకసారి వాసన చూడండి, కంపు ఎక్కడిదో తెలిసిపోతుంది. టంగ్ క్లీనర్‌తో నాలుక వెనక దాకా సున్నితంగా గీయండి. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందు ఉన్న మౌత్‌వాష్ అయితే సొంతంగా నెలల తరబడి వాడొద్దు, పళ్లు గోధుమరంగుకి తిరుగుతాయి. గ్యాస్ మాత్రలు డాక్టర్ రాసినవి కాకపోతే ఆపేయండి.

చిగుళ్లు బాగుపడ్డాక కూడా వాసన తగ్గకపోతే అప్పుడు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకోండి, టాన్సిల్ గుంటల్లో తెల్లటి రాళ్లలా పేరుకున్నా, సైనస్ ఉన్నా ఇలాగే ఉంటుంది. షుగర్ టెస్ట్ ఎప్పుడూ చేయించకపోతే అది మాత్రం ఇప్పుడే చేయించండి. షుగర్ ఉంటే చిగుళ్లు ఓ పట్టాన మానవు.