తకయామాలో కుసాకబే వారి ఇల్లు చూసే ముందు

చిరంజీవి మాధవికి అత్తయ్య ఆశీస్సులు.

జపాన్‌లోని తకయామా ప్రయాణంలో, కుసాకబే అనే వర్తక కుటుంబం వారి పాత ఇల్లు చూడటానికి ఒక గంట సరిపోతుందా అని అడిగావు. ఒక పూట ఉంచుకో అమ్మా. నాగోయా నుంచి రైలులో దాదాపు రెండున్నర గంటలు కొండల మధ్య ప్రయాణం చేసి, తీరా ఆ ఇంట్లో పరుగులు పెడితే చూసినదేదీ మనసులో నిలవదు.

లోపల ముందుగా వచ్చేది దోమా అనే మట్టి నేల. అక్కడే ఆగి తల పైకెత్తి చూడు. కప్పు కింద పలకలు పరచకుండా వదిలేశారు కనుక, అడ్డంగానూ నిలువుగానూ పేర్చిన బరువైన దూలాల అల్లికంతా కనిపిస్తుంది. 1875లో పాత ఇల్లు మంటల్లో కాలిపోతే, కవాజిరి జిసుకే అనే మేటి వడ్రంగి 1879లో దీన్ని నిలబెట్టాడు. తకయామా ఉన్న హిదా సీమ 1692 నుంచి, అప్పట్లో జపాన్‌ను ఏలిన తోకుగవా సైనిక పాలకుల నేరు అధీనంలో ఉండేది. ఇక్కడున్న ఆ పాలకుల కచేరీకి కావలసినవి సమకూర్చిన వర్తకులు కుసాకబే వారు. ఎంత ధనవంతులైనా ఇల్లు ఎలా కట్టుకోవాలో ఆ రోజుల్లో ప్రభుత్వమే హద్దులు గీసేది. ఆ పాలన పోయాక వచ్చిన మేయిజీ చక్రవర్తి కాలంలో ఆ హద్దులు తొలగాక కట్టిన ఇల్లు కనుకనే లోపల ఇంత ఎత్తు వచ్చింది, కానీ వీధివైపు చూరు మాత్రం పాత పద్ధతిలోనే కిందికి వంగి ఉంటుంది. లోపలికి వెళ్లే ముందు ఆ తేడాను వీధిలో నిలబడి గమనించు.

చెప్పులు విడిచి మేజోళ్లతోనే తతామి చాపల మీద నడవాలి. చలికాలమైతే మందపాటివి వేసుకో, ఆ ఊళ్లో మంచు బాగా కురుస్తుంది. మన ఇళ్లలో లాగే అక్కడా గడప తొక్కకూడదు, చాపల అంచు గుడ్డమీద కూడా అడుగు వేయకూడదు. వీపున సంచి ఉంటే చేతిలోకి తీసుకో, కాగితపు తలుపులకు తగిలితే చిరిగిపోతాయి. నేలలో గుంటగా అమర్చిన ఇరోరి పొయ్యి దగ్గర కాసేపు కూర్చో. నిలబడి చూసే దానికన్నా కూర్చున్నప్పుడు గదుల కొలత బాగా తెలుస్తుంది.

పక్కనే 1907లో తిరిగి కట్టిన యోషిజిమా వారి ఇల్లు ఉంది, వారు సాకే అనే బియ్యపు మద్యం కాచిన కుటుంబం. రెండూ 1966లో జాతీయ సాంస్కృతిక సంపదలయ్యాయి. సెలవు రోజు ముందే కనుక్కొని, అదే పూట దాన్నీ చూడు. కుసాకబే ఇంట్లో కలప బరువు, అక్కడ పై కిటికీల నుంచి సన్నని దూలాల మీదుగా దిగే వెలుగు. నాకు ఆ వెలుగే ఎక్కువ నచ్చింది; నీకేది నచ్చిందో వచ్చాక రాయి.

ఇట్లు,
అత్తయ్య