సద్దుల నాటికి ఊటీలో ఉందామంటే ఏడ్చింది, నాది తప్పా?

మేడమ్, నాకు 38 ఏళ్లు. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగం, కంపెనీ క్వార్టర్‌లో ఉంటాం. పెళ్లయి 11 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. మా అమ్మానాన్నలది పరకాల దగ్గర ఊరు. నా భార్య తల్లిగారిల్లు హుజూరాబాద్ దిక్కు. దసరా సెలవులకు ఏటా మా ఊరికే పోతాం. మా చెల్లెలు కూడా పిల్లలతో వస్తుంది, ఇల్లంతా సందడిగా ఉంటుంది. పండుగ అయ్యాక నా భార్య పిల్లలను తీసుకుని వాళ్ల అమ్మ దగ్గరికి పోయి రెండు రోజులుండి వస్తుంది. ఈసారి ఆమెకు కాస్త మార్పుగా ఉంటుందని, లాభాల వాటా వస్తుందన్న ధీమాతో, నలుగురు దోస్తుల కుటుంబాలతో కలిసి ఊటీ ట్రిప్ మాట్లాడాను. టెంపో ట్రావెలర్‌కు నా వంతు అడ్వాన్స్ 15 వేలు కట్టాను. వంట సామాను వెంట తీసుకుపోతాం, ఆడవాళ్లంతా కలిసి చేసుకుంటారు, ఖర్చు కలిసొస్తుంది. సద్దుల బతుకమ్మ (బతుకమ్మ చివరి రోజు) ముందు రోజు బయలుదేరి దసరా దాటాక తిరిగొస్తాం. మా అమ్మకు ముందే చెబితే సరే అంది. నా భార్యకు సర్‌ప్రైజ్ ఇద్దామని చెప్పలేదు. తీరా చెప్పిన రోజు ఏడ్చింది. "పిల్లలను తీసుకుని మీరు పోండి, నేను రాను" అంది. "11 ఏళ్లలో మా అమ్మ ఇంట్ల సద్దులు రెండేసార్లు ఆడిన" అని లెక్క తీసింది. పోయినేడు మా మామగారు చనిపోయారు, ఆ ఇంట్లో పండుగ చేయలేదు, ఈ ఏడు చేస్తారట. ఇప్పటికి 12 రోజులుగా మా మధ్య మాటల్లేవు. "అన్నం పెట్టిన" అని కూడా పిల్లలతో చెప్పిస్తోంది. రాత్రిళ్లు సరిగ్గా పడుకోవడం లేదు. ఇంత ఖర్చు పెట్టి తీసుకుపోతానంటే సంతోషపడాల్సింది పోయి ఈ లొల్లి ఏంది? నాది తప్పా?

— ఒక సోదరుడు, భూపాలపల్లి

తమ్ముడూ, ఊటీ గురించి వివరంగా రాశారు. మీ మామగారి గురించి మాత్రం ఒక్క ముక్క రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను ఆగిపోయింది అక్కడే.

మనిషి పోయిన ఇంట్లో ఏడాది పాటు పండుగ చేయరని మీకు తెలిసిందే. పోయినేడు మీ అత్తగారి వాకిట్లో బతుకమ్మ లేదు. ఈ ఏడు మళ్లీ పేరుస్తారు. తండ్రి లేని ఇంట్లో మొదటి బతుకమ్మ అది. మీ అత్తగారు తాంబాలంలో గుమ్మడి ఆకులు పరిచి పువ్వు పేర్చడానికి కూర్చున్నప్పుడు పక్కన బిడ్డ ఉంటే బాగుండనుకోరా? మీ భార్య కూడా ఏడాదిగా ఈ రోజు కోసం చూస్తూ ఉండి ఉంటుంది. బయటికి అనలేదు, అంతే. ఇన్నేళ్లయినా మన దగ్గర ఆడపిల్ల "పండుగకు మా అమ్మ దగ్గరికి పోతా" అనాలంటే పదిసార్లు ఆలోచించుకుంటుంది. ఎప్పుడు అడగాలా, ఎట్లా అడగాలా అని ఆమె చూస్తుండగానే మీరు వచ్చి, బండి మాట్లాడేశాను, సద్దుల ముందు రోజు బయలుదేరుతున్నాం అన్నారు. ఏడవక ఏం చేస్తుంది?

సర్‌ప్రైజ్ అన్నారు. మీ నలుగురు దోస్తులకు తెలుసు, బహుశా వాళ్ల భార్యలకూ తెలుసు, బండివాడికి తెలుసు, మీ అమ్మగారికి ముందే చెప్పి సరే అనిపించుకున్నారు. తెలియనిది ఆమె ఒక్కదానికే. పక్క క్వార్టర్ ఆవిడ నోట మీకంటే ముందే విని ఉన్నా నేను ఆశ్చర్యపోను.

మిమ్మల్ని చెడ్డవారని అనడం లేదు. బొగ్గు పని చేసే మనిషికి ఏడాదిలో నాలుగు రోజులు చల్లని చోట ఉండాలనిపించడం న్యాయమే. భార్యాపిల్లలను వదిలేసి దోస్తులతో పోతానని కూడా మీరు అనలేదు. కాకపోతే ఆ వంట సామాను దగ్గర నాకు నవ్వొచ్చింది. క్వార్టర్‌లో నలుగురికి కాచే పప్పుచారు ఊటీలో చలికి వణుకుతూ ఐదు కుటుంబాలకు కాయాలి. దాన్ని సెలవు అనరు తమ్ముడూ, ట్రాన్స్‌ఫర్ అంటారు.

మా ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేశారు. షిఫ్టుల ఇల్లు ఎట్లా నడుస్తుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. మీకు ఒక వారం మొదటి షిఫ్టు, ఒక వారం రెండోది, ఒక వారం నైట్. ఇంట్లో మనిషికి మూడూ ఒకేసారి నడుస్తుంటాయి. తెల్లారకముందే మీ డబ్బా, ఆ తర్వాత పిల్లల డబ్బాలు. మీరు రెండో షిఫ్టు దిగి అర్ధరాత్రి వస్తే లేచి కూర వేడి చేయడం. నైట్ చేసి వచ్చి మీరు పగలు పడుకుంటే, పిల్లలు అరవకుండా, కుక్కర్ కూత పెట్టకుండా చూసుకోవడం. మీ పనికి మస్టర్ (హాజరు) పడుతుంది. ఆమె పనికి పడదు. మా ఇంట్లో నేను ఒకసారి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో నా మస్టర్లు వేసుకున్నాను. నెలాఖరుకు మా ఆయన చూసి, ఇదేం లెక్క అన్నారు. చెప్పాను. ఏమీ అనలేదు గానీ ఆ తర్వాత అర్ధరాత్రి కూర ఆయనే వేడి చేసుకునేవారు. ఒకటి రెండుసార్లు మాడబెట్టారు కూడా.

మీ ప్రయాణాల సంగతి చూద్దాం. భూపాలపల్లి నుంచి హన్మకొండ బస్సెక్కితే దారిలో పరకాల వస్తుంది. మీరంతా అక్కడ దిగిపోతారు. హుజూరాబాద్ పోవాలంటే అక్కడి నుంచి కమలాపూర్ మీదుగా ఇంకో గంట. ఆ గంట దూరం 11 ఏళ్లలో ఆమెకు పండుగ రోజున రెండేసార్లు దాటే వీలు చిక్కింది. మామూలు రోజుల్లో అయితే పిల్లలిద్దరినీ సంచులనూ పట్టుకుని ఒక్కతే పోతుంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ వచ్చింది, మంచిదే. దాంతో చాలామంది మగవాళ్లు "బస్సు ఫ్రీయే కదా, పోయి రా" అనడం నేర్చుకున్నారు. దసరా రద్దీలో పరకాల బస్టాండ్‌లో చిన్నపిల్లాణ్ని చంకనేసుకుని సీటు కోసం పరుగెత్తి చూడండి, ఫ్రీ అంటే ఏమిటో తెలుస్తుంది. అత్తగారింటికి మీరు స్వయంగా పోయి ఒక రాత్రి ఉండి ఎన్నాళ్లయింది? ఉత్తరంలో ఆ సంగతి ఎక్కడా లేదు.

మీ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. ఏటా మీ చెల్లెలు పిల్లలతో వస్తుంది, ఇల్లు సందడిగా ఉంటుంది అన్నారు. చాలా సంతోషం. ఆడపిల్ల పండుగకు పుట్టిన ఇంటికి రావాలి, వస్తేనే ఆ వాకిలికి కళ. ఆమెను ఆమె అత్తగారు పంపిస్తున్నారు, మీ బావ వద్దనడం లేదు. మరి మీ చెల్లెలికి ఉన్న ఆ వీలు మీ భార్యకు లేకపోవడానికి కారణం ఎవరు? ఇది మిమ్మల్ని నిలదీయడానికి అడగడం లేదు. చాలా ఇళ్లలో ఇంతే. బిడ్డ వచ్చేసరికి కోడలు వంటింట్లో ఉండాలి. ఎవరూ కావాలని పెట్టిన రూలు కాదు, అట్లా జరిగిపోతూ ఉంటుంది.

పెద్దవాళ్లు దీనికి దారులు వెతక్కపోలేదు. వేములవాడలో తొమ్మిదో రోజు దాకా ఆగకుండా ఏడో రోజే సద్దులు ఆడతారు. ఆడపిల్లలు అత్తగారింట్లో ఒకసారి, తల్లిగారింట్లో ఒకసారి ఆడుకునే వీలు కోసమని అక్కడివాళ్లు చెబుతారు. ఊరు ఊరే రెండు రోజులు ముందుకు జరిగినప్పుడు మీ ఇంట్లో ఒక ఏర్పాటు జరగడం కష్టమేమీ కాదు. మొదటి రోజు ఎంగిలిపూల నాడు పరకాలలో మీ అమ్మగారితో ఆడవచ్చు, సద్దులకు హుజూరాబాద్ పోవచ్చు, దసరా పొద్దుటికి పరకాల వచ్చి సాయంత్రం మీ నాన్నగారి చేతిలో జమ్మి పెట్టవచ్చు. అయితే నేను రాసిన ఈ వరుసను కాగితం మీద ఎక్కించి ఆమె ముందు పెట్టకండి. అది ఇంకో సర్‌ప్రైజ్ అవుతుంది. ఆమె ఏమనుకుంటుందో ముందు అడగండి. ఆమె వరుస వేరే ఉండొచ్చు. తొమ్మిది రోజులూ అమ్మ దగ్గరే ఉంటానన్నా ఈ ఒక్క ఏడాది సరే అనండి.

ఎట్లా మాట్లాడాలంటారా? షిఫ్టు దిగి వచ్చిన అలసటలో వద్దు. ఫోన్‌లో వద్దు. పిల్లలతో అసలే చెప్పించకండి, 12 రోజులుగా ఆ చిన్నవాళ్లు మీ ఇద్దరి మధ్య పోస్ట్‌మ్యాన్ పని చేస్తున్నారు, అది చాలు. వాళ్లు పడుకున్నాక ఆమె పక్కన కూర్చుని, "నిన్ను అడగకుండా బుక్ చేసిన, తప్పయింది. నాయిన పోయినంక మొదటి పండుగని నాకు తట్టలేదు" అనండి. అక్కడ ఆపండి. "నీ కోసమే కదా చేసిన" అని చివర తగిలించారో, అన్నదంతా వృథా. ఆమె వెంటనే కరిగిపోతుందని నేను చెప్పను. గోడ వైపు తిరిగి పడుకోవచ్చు, పాతవన్నీ తవ్వి నాలుగు మాటలు అనవచ్చు. అననివ్వండి. బతుకమ్మకు కూడా ఆరో రోజు అలక. ఆ రోజు పేర్చరు, ఆడరు, ఎవరూ బతిమాలరు. మర్నాడు మళ్లీ మామూలుగా పేరుస్తారు.

ట్రిప్ విషయం. దోస్తులకు ఈ వారంలోనే చెప్పేయండి, ఆలస్యం చేస్తే వాళ్లకూ ఇబ్బంది. మీ సీట్లకు ఇంకో కుటుంబం దొరికితే అడ్వాన్స్ వెనక్కి రావచ్చు. రాకపోతే 15 వేలు పోతాయి. బాధే. కానీ ఆ డబ్బు పోతుందన్న మాట ఆమె దగ్గర పండుగ పూర్తయ్యేదాకా ఎత్తకండి. "నీ వల్ల పోయింది" అని ఎప్పటికీ అనకండి. లాభాల వాటా చేతికొచ్చాక ఎంత వచ్చింది, దేనికెంత అని ఇద్దరూ కూర్చుని ఒకసారి రాసుకోండి. ఆ అంకె ఆమెకు ఇంతవరకు తెలుసో లేదో మీరు రాయలేదు.

చల్లని చోటు చూడాలన్న కోరిక సంక్రాంతి సెలవులకు పెట్టుకోవచ్చు. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి నవంబర్‌లోనే చూసుకోవాలి. ఈసారి వంట సామాను ఇంట్లో పెట్టి పోండి. అంతకంటే ముందు, పిల్లలను ఒక ఆదివారం మీ అమ్మగారి దగ్గర ఉంచి, ఆమెను బండి మీద రామప్ప గుడికి తీసుకుపోండి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి చూసిపోతున్నారు. మీ క్వార్టర్‌కు గంట దూరంలో ఉంది, మీరిద్దరే ఎప్పుడైనా పోయారా? టైముంటే అటు నుంచి లక్నవరం చెరువు. అన్నం ఏదైనా హోటల్లో తినండి.

మీ అమ్మగారికి ఈ ఏడు కోడలు సద్దులకు ఉండదన్న సంగతి మీరే చెప్పాలి. "ఆమె రానంటోంది" అని కాదు, "నేనే పంపిస్తున్నా" అని. ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో అత్తాకోడళ్లున్న ఇంట్లో పుట్టినవాళ్లకు తెలుస్తుంది. సత్తుపిండి ఎవరు పడతారని అడిగితే, చెల్లెలు ఉంది, మీరున్నారు. మిక్సీ పట్టడం గనిలో షావల్ యంత్రం నడపడం కంటే కష్టమేమీ కాదు.

ఆమె నిద్ర గురించి కొంచెం జాగ్రత్త. తండ్రి పోయిన దుఃఖం ఏడాది తర్వాత, సరిగ్గా పండుగల ముందు మళ్లీ పైకి లేవడం నేను చాలామందిలో చూశాను. మాటలు కలిశాక కూడా నిద్ర పట్టకపోయినా, తిండి మానేసినా, దేని మీదా మనసు లేకుండా ఉన్నా, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక సద్దుల ముందు రోజు మీరూ హుజూరాబాద్ పోండి. లీవ్ పెట్టుకుని, పిల్లలను, సంచులను మీరే పట్టుకుని. మన దిక్కు ఊళ్లలో పువ్వు తేవడం ఎక్కువగా మగవాళ్ల పని. ఆ ఇంట్లో ఇన్నేళ్లు ఆ పని ఎవరు చేసేవారో, ఏ గుట్ట మీదికి పోయేవారో మీ భార్యను అడగండి. తంగేడు ఇదివరకటిలా ఊరి పక్కనే దొరకడం లేదు, కాస్త దూరం పోవాల్సి వస్తుంది. తెల్లారేసరికి అక్కడ ఉండాలి, పొద్దెక్కితే పువ్వు వాడిపోతుంది. కోసింది కోసినట్టు తడిబట్టలో చుట్టండి. గునుగు కోయడానికి కొడవలి కావాలి, మీ బామ్మర్దిని అడిగితే ఇస్తాడు.